కొక్కిరాయి

పైకి వెళ్ళడం సంగతి నన్నడక్కండి,
అది సువార్తమ్మ లెక్క.
నాకు తెలిసింది దిగడం:
నాలుగు కాళ్ళు, పదహారు అతుకులు,
చిర్రయానాం ఇసకలో ఒక సిమెంటు గచ్చు.

తాళ్ళరేవులో పడవలు కట్టిన చెయ్యి నాది.
టేకు పోయి ఫైబరొచ్చేక
వెల్డింగ్ టార్చి పట్టుకుంది.
మూడంతస్తుల గొట్టం చూపించి
"దీనికి కాళ్ళు కావాలి సింహాద్రి గారూ" అంది ఆ పిల్ల,
కాట్రేనికోన బళ్ళో పలక పట్టిన పిల్లే.
"ఎగిరేదానికి కాళ్ళెందుకమ్మా?"
"మళ్ళీ ఎగరాలి కదండీ."

ఆ "మళ్ళీ"కి మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.

కాయితాల్లో దానికేదో అంకె ఉంది.
మేం కొక్కిరాయి అనే పిలిచేం.
చెరువు గట్టున కొంగ దిగడం చూసేరా ఎప్పుడైనా?
రెక్కలు వెనక్కి కొట్టి, కాళ్ళు ముందుకి చాపి,
ఆఖరి జానెడులో గాలిని బతిమాలుకుంటుంది.
గట్టు మీద మన్ను కూడా ఉలిక్కిపడదు.
సువార్తమ్మ దాన్ని ఫోన్లో వీడియో తీసి
వందసార్లు నెమ్మదిగా తిప్పి చూసేది.
కొంగకి కంప్యూటరు లేదు,
రొయ్య మీద ఆశ ఉంది, అంతే.

మొదటిసారి మూడు మీటర్లు లేచి దిగింది.
కోడిపెట్ట చేసే పని. అయినా కాజాలు పంచేం.
రెండోసారి ముప్ఫై.
మూడోసారి నూరు మీటర్లు లేచి
సరుగుడు తోట మీద దీపంలా నిలబడి
బుద్ధిగా కిందికొచ్చి
గచ్చు తాకేక, తాకేక సుమండీ,
ఒక కాలు మడిచింది.
ఒరిగి ఒరిగి వర్మగారి చెరువులో పడింది.
ఆయనొచ్చి, లేస్తున్న ఆవిరిని చాలాసేపు చూసి
"రొయ్యలు మేత ముట్టవండి ఇంక" అన్నారు.

ఆ రాత్రి జనరేటర్ వెలుగులో
పదహారు అతుకులూ గోటితో తడిమేను.
తప్పు నాదైతే బాగుండుననిపించింది,
నాదైతే దిద్దుకోవచ్చు.
తెల్లారగట్ల కాలి గొళ్ళెం విప్పితే
లోపల గోరంత ఒండ్రు.
పిండిలా మెత్తగా.
ఏ నాసిక్ కొండదో, ఏ బస్తరు అడవిదో,
అంత దూరం నించి జారి జారి వచ్చి
నా గొళ్ళెంలో దిగింది.

నవ్వొచ్చింది.
ఈ నేలంతా దిగిందే కదా!
పాపికొండల్లో ఉరుకులు పెట్టిన నీరు
ధవళేశ్వరం దాటేక వేగం చంపుకుని
పాయలు పాయలుగా చీలి
మోసుకొచ్చింది ఎక్కడికక్కడ దించుకుంటూ
కట్టిన నేల.
ఎంత తవ్వినా రాయి తగలదు.
నిమ్మళించడం ఒక్కటే ఇక్కడ పునాది.
ఈ మాట సువార్తమ్మకి చెబితే
"బానే ఉందండీ, ముందు గొళ్ళేనికి తొడుగు వెయ్యండి" అంది.

పాత పడవ ఇంజను రబ్బరు కోసి తొడుగేసేను.
గొట్టం కొత్తది వచ్చింది, కాళ్ళు మాత్రం అవే.

నాలుగోసారి, గాలి నిలిచిన పొద్దుట,
మైకులో చెప్పేరని పల్లం పడవలు వేటకి పోలేదు.
ఆక్సిజన్ పోస్తుంటే దాని ఒళ్ళంతా మంచు పట్టింది.
మే నెలలో, మా సీమలో, మంచు!
లేచింది.
నేను తలెత్తలేదు.
అందరి మొహాలూ పైకి, నాదొక్కటే గచ్చు మీద.
ముందు ఇసక రేగింది.
మోత డొక్కల్లో కొట్టింది.
తర్వాత పొగలోంచి ఒక కాలు,
రెండు, మూడు,
కాసేపు ఏమీ కనబళ్ళేదు,
నాలుగు.

ఎవరూ అరవలేదు.
చెరువులో ఏరేటర్ల చప్పుడు వినిపించింది.

గంటాగి దగ్గరికి పోనిచ్చేరు.
మసి పట్టిన కాలి మీద చెయ్యేస్తే
జ్వరమొచ్చిన గేదెలా కాలుతోంది.
వేట నించొచ్చిన పడవకి చేసేదే దీనికీ చేసేను:
మంచినీళ్ళు పట్టి ఉప్పు కడిగేను,
మరలు బిగించేను,
గొళ్ళెంలో వేలు పెట్టి చూసేను.
"మళ్ళీ ఎప్పుడమ్మా?"
సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ
"ఆరనివ్వండి" అంది.